తాబేళ్ళ రోజు

పోలింగు అయిన మర్నాడు వేసిన వీధితలుపు గడియ వారం దాటినా తీయలేదు. నాపరాళ్ళ గోడలు, నాపరాళ్ళ కప్పు, కింద గచ్చు కూడా నాపరాయే. మే నెల ఎండకి ఆ రెండు గదుల ఇల్లు పొద్దున పదింటికల్లా కాగిపోయేది. కరెంటు ఉంటే ఫ్యాను ఆ వేడిగాలినే తిప్పి తిప్పి కొట్టేది. లేకపోతే అదీ లేదు. ఆ ఇంట్లో ఉన్నది వందన, ఆమె అత్త జ్ఞానమ్మ, వందన పిల్లలు ఇద్దరు. షారోన్‌కి ఆరేళ్ళు, జోయల్‌కి నాలుగు.

వందన భర్త సుధీర్ బాబు ఇంట్లో లేడు. అతను ట్రాలీ ఆటో తోలుతాడు. సీజన్లో మిరప బస్తాలు కోల్డ్ స్టోరేజీకి, మిగతా రోజుల్లో పెళ్ళిళ్ళకి కుర్చీలు, ఇళ్ళకి నాపరాళ్ళు. గురజాల నుంచి మాచర్ల వెళ్ళే రోడ్డుకి కాస్త లోపలగా ఉంటుంది వాళ్ళ ఊరు. పోలింగు సాయంత్రం బూతు దగ్గర మొదలైన మాటామాటా తెల్లారేసరికి వీధుల్లోకి పాకింది. పొద్దున్నే వాళ్ళ వర్గం కుర్రాళ్ళు కొందరు వచ్చి, పై వీధి దాకా వదిలిపెట్టమని సుధీర్ ఆటో ఎక్కారు. వాళ్ళ చేతుల్లో కర్రలున్న సంగతి అతను ఆటో కదిలాక చూశాడు. పై వీధిలో పురుగుమందుల కొట్టు నడిపే అమర్నాథ్ తల పగిలింది. అతన్ని గుంటూరు ఆసుపత్రికి తీసుకుపోయారు.

సుధీర్ ఆటో తెచ్చి ఇంటి పక్కన పెట్టి, బిందెలో నీళ్ళు ముంచుకు తాగి, జరిగింది వందనకి రెండు ముక్కల్లో చెప్పి, పక్కింటి హజ్రా బీ దొడ్లోంచి దాటి పొలాలకి అడ్డంపడి వెళ్ళిపోయాడు. కృష్ణ దాటి మిర్యాలగూడలో చిన్నమ్మ ఇంట్లో ఉన్నాడని తర్వాత తెలిసింది. ఆ సాయంత్రానికల్లా ఊళ్ళో 144 పెట్టారు. నాలుగు వీధుల కూడలిలో టెంటు వేసి పోలీసులు కూర్చున్నారు.

"ఎవురు పిలిచినా తలుపు తియ్యమాకు," అంది జ్ఞానమ్మ. "వాడు లోడుకు పోయాడని చెప్పు. పిల్లకాయలకి గూడా అదే చెప్పు."

వందన అలాగే చెప్పింది. పాలు, కూరలు హజ్రా బీ వెనక గోడ మీద నుంచి అందించేది. ఆమెకి రెండు మేకలున్నాయి, గోడకి అవతల ఓ మెట్టు ఉంది. ఆ మెట్టెక్కితే ఆమె మొహం కనిపించేది. ఆ రోజుల్లో వందన చూసిన బయటి మొహం అదొక్కటే.

షారోన్ గురజాల స్కూల్లో చదువుతోంది. సెలవులిచ్చేటప్పుడు వాళ్ళ మేడం పిల్లలందరికీ రంగురంగుల కాగితం ఒకటి ఇచ్చి పంపింది. వేసవిలో వచ్చే వింత వింత దినాలన్నీ అందులో అచ్చువేశారు. వాటిని తల్లిదండ్రులు పిల్లలతో ఇంట్లో జరిపి, ఫోటో తీసి క్లాసు గ్రూపులో పెట్టాలట. ప్రపంచంలో తేనెటీగలకో రోజు, తువ్వాళ్ళకో రోజు ఉన్నాయని వందనకి అప్పటిదాకా తెలియదు. తెలిశాక కూడా కాగితం మడిచి గూట్లో పెట్టేసింది. షారోన్ దాన్ని వెతికి తీసింది.

"అమ్మా, ఇవ్వాళ తేనెటీగల రోజు."

"అయితే ఏంది?"

"మనం చెయ్యాలంట."

"వాటి పండగ అయ్యే చేసుకుంటయ్‌లే. పోయి పడుకో."

పిల్ల మూతి ముడుచుకుని గోడకి తిరిగి కూర్చుంది. వందన బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ ఉండిపోయింది. కాసేపటికి ముందుగదిలోంచి జోయల్ గొంతు వినిపించింది. "మామా, మామా, నాకు లాఠీ ఇయ్యవా," అంటున్నాడు. వందన చేట పక్కనపెట్టి పరుగున వెళ్ళింది. వాడు బల్లెక్కి, కిటికీ రెక్కల సందులో మూతి పెట్టి, వీధిలో పోతున్న కానిస్టేబుల్‌ని పిలుస్తున్నాడు. ఆ మనిషి ఆగి ఇటు చూశాడు. వందన పిల్లాణ్ణి చంకనేసుకుని వెనక్కి లాక్కొచ్చింది. వీణ్ణి కిటికీ దగ్గరికి పోకుండా రోజంతా ఎలా పట్టి ఉంచాలో ఆమెకి తెలియలేదు.

"షారోన్, ఆ కాగితం ఇట్టా తే," అంది.

తన పసుప్పచ్చ చున్నీ జోయల్‌కి చుట్టి, కాటుకతో పొట్ట మీద చారలు గీసింది. పాత చీపురు పుల్లలు రెండు వంచి తలకి కట్టింది. వాడు చేతులు చాచుకుని రెండు గదుల మధ్య ఝుమ్మని అరుస్తూ పరిగెత్తాడు.

"చిన్నగా," అంది లోపలగదిలోంచి జ్ఞానమ్మ. "ఈ ఇంట్లో నవ్వుకుంటన్నారని ఊళ్ళో తెలియాల్నా."

వందన కొడుకుని ఆపి, గడ్డం పట్టుకుంది. "ఒరేయ్, ఇది మాట్లాడని తేనెటీగ. నోరు మూసుకుని ఎగురుద్ది. నువ్వు అట్టా ఎగరగలవా?"

వాడు బుద్ధిగా తలాడించి, పెదాలు బిగించి, ముక్కుతో మాత్రం సన్నగా శబ్దం చేస్తూ గది చుట్టూ తిరిగాడు. చెమటకి కాటుక చారలు కారి కలిసిపోయాయి. షారోన్ నవ్వింది. వందన కూడా నవ్వబోయింది. నోరు మూసుకుని తిరుగుతున్న ఆ పిల్లాణ్ణి చూస్తుంటే నవ్వు రాలేదు.

ఫోటో గ్రూపులో పెడితే మేడం చప్పట్ల బొమ్మలు పంపింది. మిగతా పిల్లల ఫోటోలూ వరసగా వచ్చాయి. పడుకునే ముందు వందన వాటిని ఒక్కొక్కటే పెద్దది చేసుకుని చూసింది. ఆమె చూసింది పిల్లల్ని కాదు. వాళ్ళ వెనక తీసి ఉన్న తలుపుల్ని, తలుపుల్లోంచి కనిపించే వీధుల్ని చూసింది.

మర్నాడు టీ రోజు. హజ్రా బీ మేకపాలు ఎక్కువ పోసింది. షారోన్ గచ్చు మీద దుప్పటి పరిచి గ్లాసులు సర్ది, నాయనమ్మని పిలవడానికి వెళ్ళింది.

"కొడుకు యాడ తింటన్నాడో యాడ పడుకుంటన్నాడో తెలవక నేను ఛస్తంటే మీకు టీ పండగొచ్చిందా," అంది జ్ఞానమ్మ. అన్నా కూడా వచ్చి కూర్చుంది. మొదటి గ్లాసు మాట్లాడకుండా తాగి, "అల్లం తక్కువైంది," అని రెండోది పోయించుకుంది. జోయల్ ఊది ఊది తాగుతున్నాడు. వీధితలుపు మీద దెబ్బలు పడ్డాయి.

"పోలీసులం. తియ్యండమ్మా."

తీయక తప్పలేదు. ఎస్సై, ఇద్దరు కానిస్టేబుళ్ళు, వెనక ఒక లేడీ కానిస్టేబుల్. గదులు రెండూ చూశారు, దొడ్డి చూశారు. సామాను ఏదీ విసరలేదు, గట్టిగా మాట్లాడలేదు. ఎస్సై ముందుగదిలోకి వచ్చి దుప్పటి తొక్కకుండా పక్కన నిలబడ్డాడు.

"సుధీర్ బాబు ఏడమ్మా?"

"లోడుకు పోయాడండి."

"ఆటో పక్కనే ఉంది. లోడు నెత్తిన పెట్టుకుని పోయాడా?"

వందన తల వంచుకుంది. షారోన్ గ్లాసు పట్టుకుని ఆయన మొహంలోకే చూస్తోంది.

"చూడమ్మా," అన్నాడు ఎస్సై. "మీ ఆయన కొట్టాడని ఎవరూ అనలేదు. తోలుకెళ్ళాడు. ఎక్కినవాళ్ళెవరు, కొట్టిందెవరు, అది వచ్చి చెబితే చాలు. దాక్కుంటే మాత్రం అతను కూడా వాళ్ళల్లో ఒకడే అవుతాడు."

లేడీ కానిస్టేబుల్ వంగి షారోన్‌ని అడిగింది. "ఏంది పాపా, పుట్టినరోజా?"

"కాదు. టీ రోజు."

"మాకు పొయ్యవా మరి?"

షారోన్ తల్లి వైపు చూసింది. వందన గిన్నెలో మిగిలింది మూడు గ్లాసుల్లో పోసి ఇచ్చింది. ఎస్సై వద్దన్నాడు, మిగతావాళ్ళు నిలబడే తాగారు. పోతూ పోతూ ఆటోకి తాడు కట్టి జీపు వెనక లాక్కుపోయారు. జ్ఞానమ్మ మళ్ళీ గడియ వేసింది.

సాయంత్రం వందన జడ వేస్తుంటే షారోన్ అడిగింది. "అమ్మా, నాన్న దేంట్లో పోయాడు లోడుకి?"

వందన చేతులు ఆగిపోయాయి. రిబ్బను వెతుకుతున్నట్టు అటు తిరిగింది. పిల్ల మళ్ళీ అడగలేదు. అడిగి ఉంటే ఏదో ఒక అబద్ధం చెప్పేది. అడగకపోవడమే ఆమెని ఎక్కువ భయపెట్టింది.

పోలీసులు వచ్చిపోయిన సంగతి వీధంతా తెలిసింది. తెల్లారి ఏసోబు వచ్చాడు. వాళ్ళ వీధికి పెద్ద, సుధీర్‌కి వరసకి పెదనాన్న. ఓటు ఎవరికెయ్యాలో వాళ్ళ వీధికి చెప్పేది ఆయనే, చర్చికి సిమెంటు తెచ్చిందీ ఆయనే. భుజాన బియ్యం బస్తా మోసుకుని తనే లోపలికి తెచ్చి దించాడు. పిల్లలకి బిస్కెట్ పొట్లాలు ఇచ్చాడు.

"మీకు ఏదీ తక్కువ కానియ్యం," అన్నాడు మంచం మీద కూర్చుని. "వాడికి ఫోన్ చేసినప్పుడు చెప్పమ్మా వందనా, నేనున్నానని. ఇటు మాత్రం రావద్దను. వచ్చి వాడు ఒక్క పేరు చెప్పినా మొత్తం ఇల్లే కూలుద్ది. మనం మనం ఒకటి."

"అంతేగదా బావా," అంది జ్ఞానమ్మ.

ఏసోబు మంచివాడు. వందన పెళ్ళికి పందిరి వేయించింది ఆయనే, జోయల్ పుట్టినప్పుడు కారు మాట్లాడి గుంటూరు పంపిందీ ఆయనే. ఆయన పోయాక వందన ఆ బస్తా మూతి విప్పి డబ్బాలో బియ్యం పోసుకుంది. పోస్తుంటే మెడ మీద ఎవరో చెయ్యి వేసినట్టు అనిపించింది. ఆ బియ్యం తిన్నన్నాళ్ళూ ఈ గడియ ఇలాగే ఉంటుందని ఆమెకి అర్థమైంది.

ఆ మర్నాడు తాబేళ్ళ రోజు.

మధ్యాహ్నం రెండు దాటింది. ఎండకి వీధిలో పురుగు కూడా కదలడం లేదు. టెంటు కింద పోలీసులు కునుకుతున్నారని హజ్రా బీ గోడ మీంచి చెప్పింది. జోయల్ మోకాళ్ళ మీద వంగి ఉంటే వందన వాడి వీపు మీద వెదురుగంప బోర్లించింది. వాడు గంప కింద మొత్తంగా దూరి, చేతులు మాత్రం బయటపెట్టి గచ్చు మీద పాకుతున్నాడు. షారోన్‌కి చేట కట్టింది. అప్పుడు దొడ్డితలుపు మీద గోటితో గీసిన చప్పుడు వచ్చింది.

"తియ్యమ్మా, మనోడే," అంది హజ్రా బీ గొంతు.

సుధీర్ బాబు లోపలికి వచ్చాడు. తలకి తువ్వాలు, మొహం నిండా గడ్డం, పాదాల మీద దుమ్ము. జ్ఞానమ్మ కొడుకు మొహం రెండు చేతులా తడిమి, నోట్లో కొంగు కుక్కుకుంది. షారోన్ కదల్లేదు. జోయల్ గంప అంచు పైకెత్తి చూసి, "నాన్నా, నువ్వు గూడా తాబేలువి," అన్నాడు.

అతను నిలబడి అందర్నీ ఒకసారి చూశాడు. మోకాళ్ళ మీదికి వంగాడు. షారోన్ అప్పుడు కదిలింది. మంచం మీద చాప చుట్టుకొచ్చి తండ్రి వీపు మీద కప్పింది. ముగ్గురూ ఆ చిన్న గదిలో ఒకరి వెనక ఒకరు పాకారు. సుధీర్ తల గోడకి తగిలితే జోయల్ కిలకిలా నవ్వి, తనంతట తనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఫోటో తియ్యమ్మా," అంది షారోన్.

వందన తీసింది. "ఇది మనకే," అని చెప్పి, ఫోను గూట్లో పెట్టి, అన్నం వడ్డించడానికి లోపలికి వెళ్ళింది.

సుధీర్ తింటూ చెప్పాడు. హైదరాబాదులో వాచ్‌మన్ పని ఏసోబు మాట్లాడి పెట్టాడు. ఈ పూటే పోవాలి, పోయేముందు పిల్లల్ని ఒకసారి చూసిపోదామని వచ్చాడు. ఇక్కడ సద్దుమణిగేదాకా, ఆరు నెలలో ఏడాదో, అక్కడే.

"నేను, పిల్లలు?"

"మీరిక్కడే. మీరు గూడా కదిలితే ఇల్లు ఖాళీ చేశారని కేసు గట్టిగా రాస్తారంట."

"ఎవరన్నారు?"

"పెదనాన్న."

"అంటే ఏడాది ఈ తలుపేసుకుని కూర్చోవాల్నా? జూన్‌లో స్కూలుంది. జోయల్‌ని చూడు, నవ్వడానికి గూడా నోరు మూసుకుంటన్నాడు. ఎవరూ చెప్పకుండానే."

"ఇంకేం చెయ్యమంటావు?"

"పోయి చెప్పు. ఎస్సై అన్నాడు, నువ్వు కొట్టలేదని వాళ్ళకి తెలుసంట."

సుధీర్ ముద్ద కలుపుతూ ఆగాడు. "ఎవరి పేరు చెప్పను? పెదనాన్న కొడుకు పేరు చెప్పనా? వాడూ నేనూ ఒక్క మంచం మీద పడుకుని పెరిగాం."

వందన చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "అయితే నువ్వు చూశావు."

జ్ఞానమ్మ మధ్యలోకి వచ్చింది. "ఇంక ఆ మాట ఎత్తమాక. తిననియ్యి వాణ్ణి."

"చూశాను," అన్నాడు సుధీర్, కంచంలోకి చూస్తూ. "అమర్నాథ్ అన్న కొట్టు షట్టరు దించుతన్నాడు. ఇటు తిరగను గూడా లేదు."

ముందుగదిలోంచి ఫోను మోగిన శబ్దం వచ్చింది. ఒకటి, వెంటనే ఇంకొకటి. వందన వెళ్ళేసరికి షారోన్ మంచం మీద కూర్చుని ఫోను చూసి నవ్వుకుంటోంది. చాప కప్పుకున్న సుధీర్, పక్కన చేట కట్టుకున్న షారోన్, ముందు గంప కింద జోయల్. క్లాసు గ్రూపులో ఫోటో. కింద అప్పటికే రెండు హృదయాలు, మేడం పంపిన తాబేలు బొమ్మ ఒకటి.

వందన పిల్ల చెంప మీద కొట్టింది.

ఫోటో తీసేసింది. అయినా తీసేముందే చూసినవాళ్ళ పేర్లు కనిపించాయి. అందులో చేతన్ మమ్మీ ఉంది.

చేతన్, షారోన్ ఒక్క బెంచీ. వాడి తల్లి హిమబిందు. తండ్రి అమర్నాథ్.

షారోన్ ఏడవలేదు. చెంప పట్టుకుని, "అందరూ వాళ్ళ నాన్నల్తో పెట్టారు," అంది. "నాన్న లోడుకి పోలేదుగా. వచ్చాడుగా." ఆ మాటకి వందన పిల్లని దగ్గరికి లాక్కుంది. తను చెప్పిన అబద్ధానికి దెబ్బ పిల్ల తిన్నది.

సుధీర్ ఎంగిలిచేత్తోనే లేచి నిలబడ్డాడు. దొడ్డి వైపు రెండడుగులు వేశాడు. అప్పుడు ఫోను మోగింది. చేతన్ మమ్మీ.

ఎత్తకపోతే ఇంకా భయం. ఆ ఫోన్లో స్పీకరు పెడితే తప్ప మాట వినపడదు. వందన ఎత్తి, మంచం మీద పెట్టింది. ఆసుపత్రి గోల, ఎవరో నర్సుని పిలవడం, ఆ మధ్యలో హిమబిందు గొంతు.

"వందనా, ఫోటో తీసేశావు. నేను చూశాలే."

బస్సు దగ్గర పిల్లల్ని ఎక్కించేటప్పుడు ఇద్దరూ రోజూ కలిసేవాళ్ళు. పోయిన ఏడాది హిమబిందు ఉసిరికాయ పచ్చడి సీసా ఇస్తే, ఆ సీసా కడిగి చింతకాయ పెట్టి తిరిగి ఇచ్చింది వందన.

"అన్నకి ఎట్టా ఉంది బిందూ?" అంది.

"కళ్ళు తెరిచాడు. నన్ను గుర్తుపడతన్నాడు. చేతన్‌ని గుర్తుపట్టలేదు. ఎవరీ పిల్లోడు అన్నాడు. కొట్టిందెవరో ఆయనకి తెలవదు. వీధిలో ఎవరినడిగినా చూళ్ళేదంటన్నారు. మీ ఆయన చూశాడు."

సుధీర్ ఫోను వైపు తిరిగాడు.

"నేను పోలీసులకి ఫోన్ చెయ్యను. చేస్తే పట్టుకుపోతారు. పట్టుకుపోయినోడు ఏం చెప్పడు, లాయర్లు చెప్పనియ్యరు. ఆయనంతట ఆయన రావాల. అది చెబుదామనే చేశా." ఆగి, ఇంకో గొంతుతో అంది. "చేతన్ మా అమ్మ దగ్గరున్నాడు. మీ పిల్లల ఫోటో చూసి వాడు గూడా గంప కావాలని ఏడుస్తన్నాడంట. మా అమ్మ ఇంట్లో గంప యాడుంటది."

ఫోను పెట్టేసింది.

సుధీర్ గోడకి ఆనుకుని కూర్చున్నాడు. చేతికి అన్నం మెతుకులు ఎండిపోతున్నాయి. జ్ఞానమ్మ, "ఇప్పుడే పోరా, ఆ పిల్ల మాట మీద నిలబడుద్దని ఏముంది," అంటూ అతని భుజం పట్టుకు లేపుతోంది. అతను లేవడం లేదు. దొడ్డితలుపు వైపు చూస్తున్నాడు, పోవడం లేదు.

వందన వెళ్ళి వీధితలుపు గడియ తీసింది.

జ్ఞానమ్మ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. "ఏమే, నీకు పిచ్చి పట్టిందా. రేపట్నుంచి ఈ వీధిలో మనకి గుక్కెడు నీళ్ళు పొయ్యరే."

"ఇప్పుడు పోసేది హజ్రా పెద్దమ్మేగా అత్తా. ఆమె రేపు గూడా పోసుద్ది."

"ఏసోబు బావ మనకి చేసింది మర్చిపోయావా?"

"మర్చిపోలేదు. అందుకే ఇన్నాళ్ళూ నోరెత్తలా."

"గడియ వెయ్యి వందనా," అన్నాడు సుధీర్.

ఆమె వేయలేదు. రెండు రెక్కలూ బార్లా తీసి గడపలో నిలబడింది. ఎండ గదిలోకి వచ్చి దుప్పటి మీద, గంప మీద పడింది. వెలుతురుకి కళ్ళు చికిలించుకున్న జోయల్ గడప దాకా పాక్కుంటూ వచ్చి, తల్లి మొహంలోకి చూశాడు, పోవచ్చా అన్నట్టు. వందన తలాడించింది. వాడు గంపతోనే మెట్టు దిగాడు.

పిల్లాడు అలా బయటికి పోవడం చూశాక సుధీర్ లేచాడు. బొక్కెన దగ్గరికి వెళ్ళి చెయ్యి కడుక్కున్నాడు, మొహం కడుక్కున్నాడు. తువ్వాలు తలకి చుట్టబోయి, భుజాన వేసుకున్నాడు. షారోన్ దగ్గర ఆగి ఆమె చెంప నిమిరాడు. "నేను లోడుకి పోలేదమ్మా. భయపడి పోయా," అన్నాడు. వందన వైపు చూసి, "నువ్వు రా. ఒక్కణ్ణే పోలేను," అన్నాడు.

పిల్లల్ని హజ్రా బీకి అప్పగించి ఇద్దరూ వీధిలోకి నడిచారు. టెంటు దాకా ఎంతో దూరం లేదు. రెండు వైపులా తలుపులు కొద్దిగా తెరుచుకున్నాయి. ఏసోబు తన ఇంటి అరుగు మీద పడుకుని ఉన్నవాడు లేచి కూర్చున్నాడు. పిలవలేదు. వాళ్ళు దాటిపోయేదాకా చూస్తూ ఉన్నాడు. ఆయన అరిచినా బాగుండేదని వందనకి అనిపించింది.

ఆ రాత్రికి సుధీర్‌ని స్టేషన్లోనే ఉంచి, మర్నాడు పంపారు. ఏసోబు కొడుకునీ ఇంకో ఇద్దర్నీ పట్టుకుపోయారు. ఓట్ల లెక్కింపు అయ్యాక 144 తీసేశారు, టెంటు ఎత్తేశారు, ఊళ్ళో అందరి తలుపులూ తెరుచుకున్నాయి. వీళ్ళ గడపలోకి మాత్రం ఎవరూ రాలేదు. కొళాయి దగ్గర వందన బిందె పెడితే ఎవరో కాలితో పక్కకి జరిపేవారు. ఆదివారం చర్చిలో జ్ఞానమ్మ కూర్చున్న చాప మీద ఇంకెవరూ కూర్చోలేదు. ఆటో స్టేషన్ నుంచి వచ్చాక కూడా ఊళ్ళో ఒక్క బస్తా ఎవరూ ఎక్కించలేదు.

జూన్ రెండో వారంలో మాచర్లలో రైల్వే స్టేషన్ వెనక ఒక గది మాట్లాడుకుని వెళ్ళిపోయారు. జ్ఞానమ్మ రానంది. "నా మొగుణ్ణి ఇక్కడే పూడ్చాం. నేను యాడికొస్తా," అంది. కొడుకు మీద కోపం ఉంది, కోడలి మీద ఇంకా ఉంది. ఆటో కదులుతుంటే మాత్రం హజ్రా బీ పక్కన నిలబడి, పిల్లలు కనిపించేదాకా చూసింది. మాచర్లలో వందన గదికి ఒక్కటే తలుపు. పగలంతా తీసే ఉంచేది. అయినా వీధిలో ఎవరైనా గట్టిగా పిలిస్తే ముందు పిల్లలెక్కడున్నారో చూసుకునేది. సుధీర్ ఫోను మోగితే పేరు చూశాక గాని ఎత్తేవాడు కాదు.

గురజాల కోర్టులో మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం ఇవ్వాలని కబురొచ్చింది. ఆ రోజు పొద్దున ఒక జల్లు పడింది. కోర్టు ఆవరణంతా ఎర్రమట్టి బురద. టీ కొట్టు దగ్గర ఏసోబు నిలబడి ఉన్నాడు. నెల రోజుల్లోనే మనిషి వంగిపోయాడు. సుధీర్ దగ్గరికి వచ్చి బెదిరిస్తాడనుకుంది వందన. ఆయన బెదిరించలేదు.

"వాడు నీ తమ్ముడురా," అన్నాడు అంతే.

సుధీర్ మొహం తెల్లబోయింది. బెదిరింపుకి తట్టుకునేవాడేమో గాని ఆ మాటకి తట్టుకోలేడని వందనకి తెలుసు. పిల్లల చేతులు పట్టుకుని ఆమె వరండాలో బెంచీ మీద కూర్చుంది. బెంచీకి ఆ చివర హిమబిందు ఉంది, పక్కన చేతన్. ఇద్దరు ఆడవాళ్ళూ ఒకరినొకరు చూశారు.

లోపలి నుంచి బంట్రోతు సుధీర్ పేరు పిలిచాడు. అతను వెళ్ళాడు. తలుపు మూసుకుంది.

పిల్లలు ఎంతసేపు కూర్చుంటారు. చేతన్ మెల్లగా జరుగుతూ వచ్చి షారోన్ పక్కన చేరాడు.

"ఇవ్వాళ ఏం రోజు?" అని అడిగాడు.

షారోన్ ఆలోచించింది. ఆ ఫోటో తర్వాత ఆమె ఏ రోజూ జరపలేదు, కాగితం ముట్టుకోలేదు. ముందున్న బురద చూసి, "బురద రోజు," అంది.

"మేడం పేపర్లో ఉందా?"

"లేదు. నేను పెట్టా."

ముగ్గురూ చెప్పులు విప్పి మెట్లు దిగారు. బురదలో పాదాలు దిగబడితే జోయల్ అరిచాడు, కోర్టంతా వినిపించేలా. వకీళ్ళు తిరిగి చూశారు. వందన లేవబోయింది, నోటి మీద వేలు పెట్టబోయింది.

"పోనియ్ వందనా," అంది హిమబిందు. "ఉతుక్కోవచ్చు."

వందన కూర్చుంది. కాసేపటికి అడిగింది. "అన్న చేతన్‌ని పిలుస్తన్నాడా?"

"పిలుస్తన్నాడు. అప్పుడప్పుడు పేరు మారుద్ది."

చానాసేపటికి తలుపు తెరుచుకుంది. సుధీర్ చొక్కా చెమటకి ఒంటికి అతుక్కుపోయి ఉంది. వందన దగ్గరికి వచ్చి, "చెప్పా," అన్నాడు. టీ కొట్టు వైపు చూడలేకపోయాడు. వందన చూసింది. ఏసోబు ఖాళీ గ్లాసు చేత్తో పట్టుకుని ఇంకా అక్కడే ఉన్నాడు.

బస్సు వేళైంది. ఈ కాళ్ళతో పిల్లల్ని ఎక్కించుకోరు. సుధీర్ వరండా చివరి డ్రమ్ములో చెంబు ముంచుకొచ్చి, షారోన్ పాదాలు కడిగాడు, జోయల్ పాదాలు కడిగాడు. మూడో చెంబు ముంచి, చేతన్ ముందు కూర్చుని, హిమబిందు వైపు చూశాడు.

ఆమె వద్దనలేదు. అతను పిల్లాడి మడమల దాకా రుద్ది కడుగుతుంటే మొహం పక్కకి తిప్పుకుంది. కడగడం అయ్యాక కొడుకు చెయ్యి పట్టుకుని గేటు వైపు నడిచింది.